హోల్బైన్ పుర్రె దగ్గరే ఆగిపోతున్న మా తెలుగు ఆడియో గైడ్

లండన్ నేషనల్ గ్యాలరీలోని రినైసాన్స్ చిత్రాల కోసం మా పిల్లలకు తెలుగులో రికార్డు చేస్తున్న ఆడియో గైడ్‌లో ఒక్క ట్రాక్ ఈ శనివారం కూడా మొండికేసింది. ఉచెల్లో 'శాన్ రొమానో యుద్ధం'లో నేలమీద విరిగిపడిన బల్లేలు ఎటు చూపుతున్నాయో కనిపెట్టమన్న ట్రాక్, పియెరో 'క్రీస్తు బాప్టిజం'లో చొక్కాను తలమీదుగా లాక్కుంటున్న మనిషిని వెతకమన్న ట్రాక్ రెండూ మొదటిసారే కుదిరాయి. చిక్కంతా హోల్బైన్ 1533లో గీసిన 'రాయబారులు' దగ్గరే వస్తోంది.

ఆ చిత్రం ఎత్తు 207 సెంటీమీటర్లు, వెడల్పు 209.5. ఇద్దరు రాయబారుల పాదాల మధ్య ఏటవాలుగా సాగిన బూడిదరంగు ఆకారం ఎదురుగా నిలబడితే ఏమిటో అర్థం కాదు. కుడి అంచు దాకా జరిగి, దాదాపు గోడ వెంబడి చూపు సారిస్తే పుర్రెగా కుదురుకుంటుంది. పిల్లలను ఆ చోటికి చేర్చి, వాళ్లు చేరిన క్షణానికే మాట అందించడం ట్రాక్ పని. మొదట "కుడివైపు చివరికి నడవండి" అని చెప్పి 8 సెకన్ల నిశ్శబ్దం పెడితే, ఐదేళ్లవాడు ఎడమకు వెళ్లాడు. "ముదురు రంగు పొడవాటి అంగీ వేసుకున్నాయన వైపు నడవండి" అని మార్చాక దిక్కు గొడవ తీరింది. నిశ్శబ్దాన్ని 20 సెకన్లకు పెంచినా లాభం లేకపోయింది, ఎందుకంటే గది ఖాళీగా ఉంటే ఆరు సెకన్లలో చేరే చోటికి రద్దీలో అర నిమిషం పడుతుంది. అందుకని ట్రాక్‌ను రెండుగా కోసి, చేరాక రెండోదాన్ని నొక్కే బాధ్యత వాడి అక్కకు అప్పగించాను. ఇంత చేసినా, అక్క కళ్ల గుంటలు కనిపిస్తున్నాయని గంతులేస్తుంటే తమ్ముడు మాత్రం అది పొడుగాటి రొట్టె అని భీష్మించాడు.

ఒకే ఫోనుకు రెండు ఇయర్‌ఫోన్లు తగిలించే స్ప్లిట్టర్‌తో ఇద్దరినీ కట్టేయడమే కారణమని ముందు అనుమానించాను. తీగ మీటరు కూడా లేదు, సరైన చోటు ఒక్క మనిషికే సరిపోతుంది. తీగ తీసేసి వాణ్ణి ఒక్కణ్ణే నిలబెట్టినా పుర్రె కుదరలేదు. ఇక మిగిలింది ఎత్తు. వాడు 109 సెంటీమీటర్లు, కంటి ఎత్తు సుమారు 98. అక్క 128, కంటి ఎత్తు సుమారు 117. ఆ ఆకారం కుడివైపుకు పోతూ పైకి లేస్తుంది కనుక, చూసే కన్ను కూడా ఆ వాలు వెంబడి కాస్త పైన ఉండాలని నా లెక్క. ఇంట్లో చిత్రాన్ని ఏడో వంతుకు తగ్గించి, సుమారు 30 సెంటీమీటర్ల చదరంగా ప్రింటు తీసి గోడకు అంటించాను. వాడి ఛాతీ ఎత్తులో ఉన్నప్పుడు వెంటనే "పుర్రె!" అన్నాడు, తలకంటే పైకి జరిపితే మళ్లీ రొట్టే అయింది. మెట్లదారి పక్కన వేలాడదీయడానికే హోల్బైన్ దీన్ని ఇలా గీశాడన్న ఊహ ఒకటి ప్రచారంలో ఉంది. అది ఊహే అయినా నా లెక్కకు అనుకూలంగానే ఉంది.

చెవులను పూర్తిగా మూసే ఖరీదైన హెడ్‌ఫోన్లు పిల్లలకు వద్దని నా అభిప్రాయం. అక్కాతమ్ముళ్లు వాదులాడుకోకపోతే చిత్రం చూసినట్టే కాదు, దానికి ఒక చెవికి పెట్టుకునే చవక ఇయర్‌ఫోనే మేలు. ఎడిటింగ్‌కు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, కాకపోతే అందులో రొదను తగ్గించే నాయిస్ రిడక్షన్ ఎక్కువైతే గొంతులో ప్రాణం పోతుంది. చిత్రకారుడి పుట్టుపూర్వోత్తరాలతో మొదలయ్యే ట్రాక్‌ను ఏ పిల్లవాడూ చివరిదాకా వినడు కాబట్టి, మొదటి పది సెకన్లలోనే వెతకడానికి ఏదో ఒకటి ఇవ్వాలి.

ఈసారి రెండో ట్రాక్ "నాన్నను ఎత్తుకోమను" అన్న మాటతో మొదలవుతుంది. సంచి క్లోక్‌రూమ్‌లో ఇచ్చేస్తే నాకు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పుర్రె కుదిరిందంటే, పైన ఎడమ మూలలో పచ్చ తెర వెనుక సగం దాగిన శిలువను రెండో వేటగా పెడతాను. తరువాత చీతాలు రథం లాగే టిషియన్ చిత్రం 'బాకస్, అరియాడ్నె'కు ట్రాక్ రాయాలి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఐదు మీటర్లు దాటిన, మైకెలాంజెలో శిల్పం 'డేవిడ్' ప్లాస్టర్ అచ్చు కూడా జాబితాలో ఉంది. అక్కడ పెద్దవాళ్లూ తలెత్తే చూడాలి కాబట్టి, తమ్ముడి ఎత్తు అడ్డురాదు.