ట్రాక్ డేకి కారులో ఫైర్ సిలిండర్ బిగించుకున్నాను: నా అనుభవం

నిన్న అర్ధరాత్రి దాటాక చెన్నై నుంచి భీమవరం వచ్చి పడ్డాను. నడుం విరిగిపోతోంది, అయినా నిద్ర పట్టక రాస్తున్నాను. ట్రాక్ డే అంటే మన సొంత కారుని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు. ఈసారి అక్కడి స్క్రూటినీలో, అంటే ట్రాక్ ఎక్కనిచ్చే ముందు కారుకి చేసే తనిఖీలో, నా స్విఫ్ట్ ఒక్క మాట పడకుండా బయటికొచ్చింది. కిందటిసారి జరిగింది చెబితేగానీ నా సంతోషం మీకు అర్థం కాదు.

మంటలార్పే సిలిండర్ కొనడం తేలికే. 2 కిలోల ఏబీసీ పౌడర్ రకం (ఘన పదార్థాలు, పెట్రోలు, గ్యాస్ మంటలు మూడింటికీ పనికొచ్చేది), ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 15683 అన్న నంబరు, గేజి ముల్లు పచ్చరంగులో. తయారీ తేదీ మాత్రం మీరే చదవండి. నాకు మొదట అంటగట్టబోయింది రెండేళ్ల నాటి సరుకు.

బిగించడానికి ఊళ్లోనే ఒక యాక్సెసరీస్ షాపుకి తీసుకెళ్లాను. సిలిండర్‌తో వచ్చిన ప్లాస్టిక్ క్లిప్పుని డ్రైవర్ సీటు ముందు, కార్పెట్ మీద రెండు రేకు స్క్రూలతో బిగించారు. "ఎన్నో కార్లకి ఇలాగే పెట్టామండి, ఏం కాదు" అన్నాడు ఓనరు. నమ్మాను.

500 కిలోమీటర్లు పైగా నడిపి, చెన్నై పక్కన రేసు ట్రాక్ ఉన్న ఇరుంగాట్టుకోట్టై చేరాం, నేనూ మా పిన్ని కొడుకూ. పొద్దున్నే స్క్రూటినీ లైన్లో నిలబడ్డాం. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ అన్నీ చూశారు, బాగున్నాయన్నారు. తర్వాత ఒక పెద్దాయన తలుపు తీసి, వంగి, సిలిండర్ మెడ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. టప్పుమని క్లిప్పు విరిగింది. సిలిండర్ దొర్లుకుంటూ వెళ్లి బ్రేక్ పెడల్ కింద ఆగింది. ఆయన దాన్ని తీయలేదు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, బ్రేక్ తొక్కమన్నాడు. తొక్కాను. పెడల్ సగంలో ఇనుముకి తగిలి ఆగిపోయింది. "మలుపు ముందు ఇలా జరిగితే ఏం చేస్తారు?" అని అడిగాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లంతా కార్లు దిగి చూస్తున్నారు. నా నోట మాట రాలేదు. తమ్ముడు తల తిప్పుకున్నాడు. కారు పక్కకి తీయించారు, ట్రాక్ ఎక్కడానికి అనుమతి స్టిక్కర్ ఇవ్వలేదు. కట్టిన ఫీజు పోయింది. 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్ మీద మిగతావాళ్లు తిరుగుతుంటే రోజంతా గోడ పక్కన ఎండలో కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చి సిలిండర్ తూకం వేశాను. పౌడర్ 2 కిలోలే అయినా సీసా, వాల్వు కలిపి మూడున్నర కిలోలు. రేసు కార్లలో సిలిండర్ బిగింపు 25 జి తాకిడికి, అంటే దాని బరువుకి 25 రెట్ల లాగుడుకి, తట్టుకోవాలని ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధన. అంటే గుద్దిన క్షణంలో ఆ మూడున్నర కిలోలు 87 కిలోల బలంతో లాగుతాయి. మన ధాన్యం బస్తా 75 కిలోలు. నిండు బస్తా కంటే ఎక్కువ బరువుని ఆ షాపువాడు ప్లాస్టిక్ ముక్కకి వేలాడదీశాడు! అడగడానికి వెళితే, ఈసారి ఫ్లోర్‌కి డ్రిల్లు వేసి బిగిస్తానన్నాడు. కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపులు ఎటు పోతున్నాయో వంగి చూడకుండానే. మన దగ్గర కొత్త కారుకి నిమ్మకాయలు తొక్కించడం ఎవరూ మరిచిపోరు, సీటు కవర్లకి వేలకు వేలు పోస్తారు. సిలిండర్ మాత్రం డిక్కీలో స్టెప్నీ పక్కన దొర్లుతుంటుంది. మంట బానెట్ నుంచి వస్తే డిక్కీ దాకా ఎవరు పరిగెత్తుతారు?

చివరికి నన్ను గట్టెక్కించింది రొయ్యల చెరువులకి ఏరేటర్ (నీళ్లలోకి గాలి పట్టించే యంత్రం) ఫ్రేములు చేసే బాబాయ్. సంగతంతా విని, "ఆయ్, రేపు సాయంత్రానికి ఇచ్చేస్తానండి" అన్నాడు. ఏరేటర్ మోటారు అట్టపెట్టె చించి, ఎడమ సీటు ముందు బోల్టుల మధ్య కొలత అట్ట మీద కోసుకున్నాడు. 3 ఎంఎం ఇనుప ప్లేటు, దాని మీద రెండు ఇనుప పట్టీల క్లాంపు, సిలిండర్ పక్కలకి జారకుండా రెండు చివర్లా చిన్న అడ్డుముక్కలు. అంచులన్నీ గ్రైండర్ పట్టాడు.

బోల్టుల దగ్గర మాత్రం ఆయనతో వాదించాను. ఉప్పునీటి పని చేసే చేయి కదా, తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులు తీశాడు. నా సీటు బోల్టు తల మీద 10.9 అని ఉంది, అది బోల్టు బలాన్ని చెప్పే గుర్తు. స్టెయిన్‌లెస్ ఎంత మెరిసినా మామూలుగా అంత బలం ఉండదు. అవి సిలిండర్‌ని మాత్రమే కాదు, సీట్లో కూర్చున్న మనిషినీ పట్టుకోవాలి. అదే మర, అదే 10.9, ప్లేటు మందం మేరకే ఎక్కువ పొడవున్నవి తాడేపల్లిగూడెంలో వెతికి తెచ్చాను. ప్లేటు సీటు రైలు కాలి మీద కూర్చోవాలి, కింద దూర్చకూడదు. సీటు కింద పసుపు ప్లగ్గు ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది. బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగకుండా దాన్ని ముట్టుకోవద్దు.

సిలిండర్‌ని అడ్డంగా పడుకోబెట్టి, హ్యాండిల్ నా వైపు పెట్టించాను. సీటు బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎడమ చేత్తో పట్టీ విప్పడం ఇరవైసార్లయినా చేసుంటాను.

మొన్న లైన్లో మళ్లీ ఆ పెద్దాయనే. మెడ పట్టుకుని గుంజాడు, కారు ఊగింది గానీ సిలిండర్ కదల్లేదు. మోకాలు సీటుకి ఆన్చి రెండు చేతులతో గుంజాడు. తర్వాత టార్చి వేసి బోల్టు తలలు చూసి, స్టిక్కర్ తనే అంటించాడు. మధ్యాహ్నం నలుగురు వచ్చి ఆ ప్లేటు ఫొటో తీసుకెళ్లారు. చెన్నైవాళ్లు భీమవరం వెల్డింగ్‌ని ఫొటో తీసుకున్నారు, అది నేను ఎక్కడైనా చెబుతాను.

ఒక్కటి మరవొద్దు. మన చెరువు గట్ల రోడ్ల కుదుపుకి పౌడర్ అడుక్కి దిగి గట్టిపడుతుంది. నెలకోసారి సిలిండర్ బయటికి తీసి, తలకిందులు చేసి, అరచేత్తో అడుగున తట్టండి. పౌడర్ జారడం చేతికి తెలుస్తుంది. బాబాయ్ ఆ అట్టకొలత షెడ్డులో మేకుకి తగిలించి ఉంచాడు, నా మోడల్ స్విఫ్ట్ ఉన్నవాళ్లకి మళ్లీ కొలిచే పని లేదు.