వోల్టా తీరాన శని, ఆదివారాలు

ఘానా తూర్పు ప్రాంతంలోని హో పట్టణంలో స్వచ్ఛంద సేవకుడిగా లెక్కలు బోధించిన కాలంలో, వారాంతాల్లో నేను ఎక్కడికి వెళ్ళాలో చాలావరకు ట్రోట్రోలే నిర్ణయించాయి. అక్కడి జనం తిరిగే పాత వ్యాన్లు ఇవి. వీటికి వేళలంటూ లేవు. చివరి సీటు నిండేదాకా బండి కదలదు. ఆదివారం ఉదయం ఊరు ఊరంతా చర్చిలో ఉంటుంది కనుక బండి నిండడానికి గంటలు పట్టవచ్చు. అందుకే తోటి వాలంటీర్లు శుక్రవారం సాయంత్రమే సముద్రతీరాన ఉన్న కేప్‌కోస్ట్ వైపు పరుగులు తీస్తుంటే, నేను శనివారం వెళ్ళి చీకటి పడేలోగా తిరిగి రాగలిగిన చోట్లనే ఎంచుకున్నాను.

తాఫీ అటోమేలో మోనా కోతులను గ్రామస్థులు పవిత్రంగా చూస్తారు. అరటిపండు గట్టిగా పట్టుకుంటే అవి చేతిమీదికెక్కి, తొక్క ఒలుచుకొని తింటాయి. గుడి మెట్లపై సంచీ లాక్కుపోయే మన కోతులతో పోలిస్తే ఇవి ఎంతో మర్యాదస్తులు. టోగో సరిహద్దున ఉన్న వ్లీ జలపాతానికి వెళ్ళే దారి అడవిలో ఒకే వాగును పలుమార్లు దాటిస్తుంది. జలపాతం పక్కనున్న కొండరాతికి వేలాడే గబ్బిలాల గుంపులు నీటి హోరులోనూ వినపడేంతగా రొద చేస్తాయి.

ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం అకొసొంబో ఆనకట్ట. హో నుంచి వచ్చే దారి ఆటింపోకు వద్ద ఉక్కు కమాను గల అడోమి వంతెన మీదుగా వోల్టా నదిని దాటుతుంది. బండి ఆగీ ఆగకముందే తలమీద పళ్ళాలతో స్త్రీలు కిటికీలను చుట్టుముడతారు. వారు అమ్మే అబోలో, పులిసిన మొక్కజొన్న పిండిని ఆకుల్లో పెట్టి ఆవిరిపై ఉడికించినది, కోనసీమ పొట్టిక్కలకు దూరపు చుట్టంలా ఉంటుంది. దాంతోపాటు కరకరలాడే చిన్న వేపుడు చేపలు కొనకుండా ఎవరూ ముందుకు సాగరు.

ఆనకట్ట నిర్మాణం 1961లో మొదలై 1965లో పూర్తయింది. 1966 జనవరిలో దాన్ని ప్రారంభించిన ఘానా తొలి అధ్యక్షుడు ఎన్‌క్రుమా మరుసటి నెలలోనే సైనిక కుట్రలో పదవి కోల్పోయారు. వెనుక నిలిచిన జలాశయం సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు. మనిషి నిర్మించిన జలాశయాల్లో విస్తీర్ణం రీత్యా ఇంతకన్నా పెద్దది లేదు. దానికోసం దాదాపు 80,000 మంది ఊళ్ళు వదిలారు. ఇంచుమించు అదే కాలంలో, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ గురించి వింటూ పెరిగిన నాకు, ఈ లెక్క కొత్తగా తోచలేదు. ముంపు ఊరి నుంచి వచ్చిన కుటుంబానికి చెందిన ఒక తోటి ఉపాధ్యాయుడు, తొలినాళ్ళలో విద్యుత్తులో అధిక భాగం టెమాలోని అల్యూమినియం కర్మాగారానికి వెళ్ళేదని, తమ కొత్త ఊరికి దీపం చాలా ఆలస్యంగా వచ్చిందని ఏ కోపమూ లేకుండా చెప్పాడు. ఆనకట్ట చూపించిన గైడు టర్బైన్ల గురించి మాత్రమే మాట్లాడాడు.

కపెటోయే అనే ఊరికి మాత్రం మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. అక్కడ ఎవె తెగకు చెందిన నేతగాళ్ళు కెంటే అనే సంప్రదాయ వస్త్రం నేస్తారు. మగ్గం నుంచి వచ్చేది నాలుగంగుళాల వెడల్పున్న పట్టీ మాత్రమే. అలాంటి పట్టీలెన్నిటినో అంచులు కలిపి కుడితేనే వస్త్రమవుతుంది. పడుగు దారాలను ముందుకు బారుగా సాగదీసి, చివర రాయి బరువు పెడతారు. నేత సాగేకొద్దీ ఆ రాయి నేలమీద జరుగుతూ నేతగాడి దగ్గరికి వస్తుంది. పోచంపల్లిలో గుంటమగ్గాలు చూసిన కళ్ళకు ఇంత సన్నని నేత మొదట ఆటలా కనిపించింది. కాని పక్కపక్క పట్టీల్లోని గళ్ళు కుట్టినప్పుడు సరిగ్గా కలవాలంటే ప్రతి పట్టీలోనూ పోగుల లెక్క తప్పకూడదని తెలిశాక, నా తరగతికి మంచి పాఠం దొరికింది.

ఏనుగులున్న మోలే అభయారణ్యం దేశానికి ఉత్తరాన ఉంది. దానికి వారాంతం చాలదు. 1482లో పోర్చుగీసువారు కట్టడం మొదలుపెట్టిన ఎల్మినా కోటనూ సెలవులకే వాయిదా వేశాను. బానిసలను బంధించిన ఆ గదులను, సోమవారం పాఠాల ధ్యాసతో, తిరుగు బండి కోసం గడియారం చూసుకుంటూ చూడడం నాకు సరికాదనిపించింది.