పేరొద్దు, ఊరొద్దు

బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో లీగల్ ఉద్యోగం రాగానే బార్ కౌన్సిల్‌కు రాసిచ్చి ప్రాక్టీసు ఆపేసినా. పూర్తికాలం జీతం తీసుకునేవాళ్లు కోర్టులో వాదించకూడదని 49వ రూలు. కరోనా నుంచి అనంతపురంలో ఇంటినుంచే పని. కంపెనీ మొత్తానికి లాయర్ని నేనొక్కదాన్నే. అనుమానమొస్తే అడిగేదానికి మనిషి లేడు. పని నేర్పిన సీనియర్‌కు సివిల్ దావాలు కొట్టినపిండి. క్లౌడ్ కాంట్రాక్టు చూపిస్తే, "ఇందులో సర్వే నంబరు యాడుందమ్మా?" అని నవ్వినాడు.

నాలాంటోళ్లు ఊర్లో ఇంకో ఆరుగురున్నారని తెలిసింది. ప్రతి నెలా రెండో శనివారం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక హోటల్ మేడమీద కూర్చుంటారు. ముందు నాచేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో చెప్పకూడదు. 1927లో లండన్‌లో పుట్టిన చాటమ్ హౌస్ రూల్ ఇదే. ధరల మాట అసలు ఎత్తకూడదు, 2002 పోటీ చట్టం కింద మా కంపెనీలు కుమ్మక్కయినాయనే అనుమానం రావచ్చు.

మొదటిరోజే తప్పు చేసినా. డేటా లీకైతే రెండు గంటల్లో చెప్పాలని కస్టమర్ పట్టుబడుతున్నాడంటూ, ఆ కస్టమర్ పేరు సగం పలికేసినా. ఉగ్గానిలో బజ్జీ నంజుకుంటున్న పెద్దాయన చెయ్యి అట్లే ఆపి, "ఆగమ్మా. పేరొద్దు, ఊరొద్దు" అన్నాడు.

చిన్నబుచ్చుకున్నా గానీ ఆయన మాటే నిజం. 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు తేల్చేసింది. భారతీయ సాక్ష్య అధినియమ్, అంటే కొత్త సాక్ష్య చట్టం, 132వ సెక్షన్‌లో క్లయింటు చెప్పింది బయటపెట్టక్కర్లేదని వకీళ్లకుండే గోప్యత కంపెనీ లాయర్లకు లేదు. 134 కింద కొంత ఆసరా, అంతే. మా పల్లె మాటలో మేం జీతగాళ్లం.

మళ్లీ నెల ప్రశ్నను అరఠావు మీద, గుర్తులన్నీ చెరిపేసి రాసుకుపోయినా. ఒకామె చదివి, "కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఆ కస్టమర్ 6 గంటల్లో దానికి రిపోర్టు చెయ్యాల. నిన్ను రెండు అడగడంలో తప్పేముంది? గంటల కోసం కాదు పాపా, గడియారం ఎప్పుడు మొదలయ్యేదో దానికోసం కొట్లాడు" అనింది.

నెలరోజులుగా నాకు తట్టనిదది. అనుమానం వచ్చినప్పటినుంచి కాకుండా నిర్ధారణ అయినప్పటినుంచి అని, మొదట ఒక లైను కబురు, వివరాలు తర్వాత అని క్లాజు తిరగరాసినా. రెండు గంటలు అట్లే వదిలేసినా. కస్టమర్ ఒప్పుకున్నాడు.

ఈ ఐడియా ఎవరిచ్చినారని మా బాస్ అడిగినాడు. సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చి, నేనే ఆలోచించినానన్నా.