ఒంగోలులో కూర్చుని మార్కులేసిన పన్నెండు రౌండ్లు

మా ప్రకాశం జిల్లాలో తిరునాళ్లప్పుడు జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల్లో టేపు పట్టుకునేవాళ్లలో నేనొకణ్ని. అక్కడ అభిప్రాయాలతో పని లేదు. ఇచ్చిన టైములో జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తాం, మైకులో చెప్తాం. అలాంటివాణ్ని బాక్సింగ్‌కి మార్కులెయ్యమని కూర్చోబెట్టింది మా మేనల్లుడు. వాడికి ఆ ఆటంటే పిచ్చి. "ఊరికే చూడ్డం వేరు మామా, కాయితం పట్టుకుని చూడ్డం వేరు" అన్నాడు.

మ్యాచ్ కూడా చిన్నదేం కాదు. 2024 మే 18 రాత్రి రియాద్‌లో టైసన్ ఫ్యూరీ, ఒలెక్సాండర్ ఉసిక్. మనకు అప్పటికే ఆదివారం తెల్లవారుజాము. పోలింగ్ అయిపోయి వారం కూడా కాలేదు, ఊళ్లో ఎవర్ని కదిలించినా జూన్ 4 లెక్కింపు గురించే. మా ఇంట్లో మాత్రం ఈ లెక్క. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత హెవీవెయిట్‌లో పోటీ లేని ఏకైక ఛాంపియన్, అంటే ప్రధాన టైటిల్ బెల్టులన్నీ ఒక్కడి దగ్గరే ఉన్నవాడు, ఎవరూ లేరు. ఫ్యూరీ ఎత్తు 2.06 మీటర్లు. ఉసిక్ 1.91, ఎడమచేతివాటం, 2012 లండన్ ఒలింపిక్స్ స్వర్ణం తెచ్చుకున్నవాడు. ప్రొఫెషనల్‌గా ఇద్దరికీ అప్పటిదాకా ఓటమి తెలీదు.

మావాడు ముందే షరతులు పెట్టాడు. టీవీ సౌండ్ పూర్తిగా తీసెయ్యాలి. కామెంటేటర్లు ఎవరి పేరు ఎక్కువసార్లు అంటే మన చెయ్యి అటే పోతుందట. రౌండ్ల మధ్య ఇచ్చే నిమిషంలోనే అంకె రాసెయ్యాలి, తర్వాత కొట్టివేతలు కుదరవు. ఒకరి కాయితం ఒకరు చూడకూడదు. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. కింద పడితే 8. ఇంకోటి, ఏ రౌండుకారౌండే. పోయిన రౌండులో ఒకడు చితక్కొట్టాడని ఆ ఊపు ఈ రౌండులోకి తేకూడదు. వినడానికి తేలికే. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే.

మరి రౌండు గెలవడమంటే ఏంది? శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చే దూకుడు, రింగులో ఎవరి మాట చెల్లుతోంది, ఎవరు బాగా తప్పించుకుంటున్నారు. ఈ నాలుగూ చూడాలి. చేతులకీ భుజాలకీ తగిలినవి చప్పుడు చేస్తాయిగానీ లెక్కలోకి రావు. సౌండ్ తీసెయ్యడం ఎంత మేలో అప్పుడు అర్థమైంది.

మొదటి రౌండులోనే పేచీ. ఉసిక్ మీదమీదకు పోతున్నాడు, ఫ్యూరీ వెకిలి వేషాలేస్తూ వెనక్కి జరుగుతున్నాడు. నేను ఉసిక్‌కి 10 వేశాను. మావాడు ఫ్యూరీకి వేశాడని తర్వాత తెలిసింది. నాలుగు నుంచి ఏడు దాకా నాకు అనుమానమే లేదు, ఫ్యూరీవే. పొట్టమీదకు కొట్టడం, దగ్గరికొస్తే కిందనుంచి అప్పర్‌కట్. ఆరో రౌండులో ఉసిక్ బాగా ఇబ్బంది పడ్డాడు. ఇక అయిపోయిందనుకున్నా.

ఎనిమిదిలో గాలి తిరిగింది. ఉసిక్ ఎడమచేతి దెబ్బలకు ఫ్యూరీ ముక్కు నుంచి రక్తం. తొమ్మిదో రౌండు చివర్లో ఒక ఎడమచేతి గుద్దు తగలడంతో ఫ్యూరీ కాళ్లు అతని మాట వినడం మానేశాయి. ఒక తాడు నుంచి ఇంకో తాడుకు తూలుతున్నాడు, వెంటపడి ఉసిక్ కొడుతూనే ఉన్నాడు. నేలమీద పడలేదు, తాళ్లు ఆపాయి. రిఫరీ మార్క్ నెల్సన్ మధ్యలో దూరి, కింద పడ్డవాడికి లెక్కపెట్టినట్టే అంకెలు లెక్కపెట్టాడు. పడకపోతే 8 ఎందుకని నేనడిగాను. తాళ్లు లేకుంటే పడేవాడే అని రిఫరీకి అనిపిస్తే పడ్డట్టే లెక్కంట. కౌంట్ అయ్యీ కాకముందే గంట. అది ఫ్యూరీ అదృష్టం.

ఆఖరి మూడు రౌండ్లలో పదీ పదకొండూ ఉసిక్‌కీ, పన్నెండు ఫ్యూరీకీ వేసి కూడాను. ఉసిక్ 114, ఫ్యూరీ 113. మావాడి కాయితంలో సరిగ్గా తిరగేసి ఉంది, 114-113 ఫ్యూరీకి. మిగతా పదకొండు రౌండ్లలో ఇద్దరం ఒకటే వేశాం. తేడా అంతా ఆ మొదటి రౌండే.

జడ్జీల కార్డులు చదివినప్పుడు ఇద్దరం సౌండ్ పెట్టాం. ఒకరు 115-112 ఉసిక్‌కి, ఒకరు 114-113 ఫ్యూరీకి, మూడో వ్యక్తి 114-113 ఉసిక్‌కి. స్ప్లిట్ డెసిషన్, ఉసిక్ గెలిచాడు. టీ తాగుతూ వెనక్కి లెక్కేస్తే బయటపడింది అసలు సంగతి. తొమ్మిదో రౌండులో ఆ కౌంట్ లేదనుకోండి, ఫ్యూరీకి 8 బదులు 9 వస్తుంది. అప్పుడు మూడో కార్డు 114-114. తక్కిన రెండూ చెరోవైపు 115-113. అంటే మ్యాచ్ డ్రా! అన్ని బెల్టులూ ఒకడి చేతికొచ్చింది ఆ ఒక్క పాయింటు మీద.

జడ్జీలు రింగుకు మూడు పక్కల్లో కూర్చుంటారు. ఒకరికి కనిపించిన దెబ్బ ఇంకొకరికి వీపు చాటునో మోచేతి చాటునో పడొచ్చు. రీప్లే చూసుకునే వీలుండదు. నేను టేపు వాణ్ని కాబట్టి మొదట్లో ఇదంతా అన్యాయంగానే అనిపించింది. పన్నెండు రౌండ్లు నేనే రాసి చూశాక, కార్డులు కలవలేదని జడ్జీలను తిట్టబుద్ధి కాలేదు.

డిసెంబర్ 21న మళ్లీ రియాద్‌లోనే కొట్టుకున్నారు. ఈసారి ముగ్గురూ 116-112 అని ఉసిక్‌కే ఇచ్చారు. అయినా మావాడు మే నెల మొదటి రౌండును వదల్లేదు. మొన్న దసరాకి వచ్చినప్పుడు కూడా ఫోనులో ఆ వీడియో పెట్టి, "ఈ జాబ్ గుద్దు తగిలిందా లేదా, నిజం చెప్పు మామా" అని కూర్చున్నాడు. తగిలిందిరా. ఒకటే తగిలింది.