పేలాల కుట్టు నా చేతికి వచ్చిన వైనం

నిన్న రాత్రి 11.30కి దుప్పటి చివరి వరస ముగించాను. మనవడి కోసం అల్లిన చిన్న దుప్పటి. దాని మీద వరసకి 9 చొప్పున పాప్‌కార్న్ గింజలు, అంటే పేలాల్లా పొంగే ఊలు బుడిపెలు, ఉబ్బి నిలబడ్డాయి. అరచేత్తో నిమిరితే ఒక్కొక్కటీ తగులుతోంది. దీని వెనక మూడు నెలల ఏడుపు ఉంది కాబట్టి, ఈ సంతోషం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఊలు, సూది కొనడం పెద్ద పనేమీ కాదు. కోఠిలో యాక్రిలిక్ ఊలు, 4 మిల్లీమీటర్ల క్రోషె సూది (కొసన కొక్కెం ఉండే అల్లిక సూది) తీసుకున్నాను. గొలుసు, మామూలు కుట్లు నాకు ఎనిమిదో తరగతిలోనే వచ్చు. మా కుట్టు టీచరుగారు నేర్పారు.

మా కాలనీ దగ్గర్లో శని, ఆదివారాలు క్రోషె నేర్పుతామంటే 2,500 రూపాయలు కట్టి చేరాను. మొత్తం 12 మందిమి. నాకు 54 ఏళ్ళు, అందరిలోకీ నేనే పెద్ద. రెండో వారం పాప్‌కార్న్ కుట్టు అన్నారు. తలా ఒక కాగితం ఇచ్చారు. ఒకే కుట్టులో డబుల్ క్రోషె అనే కుట్లు 5 వేయాలి. సూదిని దాని మీదున్న లూప్‌లోంచి (దారం ఉచ్చులోంచి) తీసేసి, మొదటి డబుల్ తల మీద గుచ్చి, వదిలేసిన లూప్‌ని అందులోంచి లాగాలి. ఆపైన ఒక గొలుసు వేసి బిగించాలి. అలా చేస్తే ఐదూ కలిసి పేలంలా ముందుకు పొంగుతాయి.

అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను. పక్కనున్న అమ్మాయిలవన్నీ విచ్చుకున్నాయి. నావి మాత్రం కందిగింజల్లా గట్టిగా, చిన్నగా ముడుచుకుపోయాయి. విప్పి మళ్ళీ వేశాను. నాలుగోసారికి ఊలు నూగు లేచిపోయింది కానీ గింజ పొంగలేదు.

నేర్పే ఆవిడ వచ్చి నా ముక్కని చేతిలోకి తీసుకుని పైకెత్తి అందరికీ చూపించింది. "ఇదిగో, చెయ్యి బిగబడితే ఇలా అవుతుంది. ఆంటీ, ఈ వయసులో వేళ్ళు సాగవు. మీరు ఈ డిజైన్ వదిలేయండి" అంది. కాగితంలో ఏముందో, నేను ఏం వేస్తున్నానో ఒక్కసారి కూడా చూడలేదు. నా చేతికి బదులు నా జుట్టు చూసి తీర్పు చెప్పింది. ఎవరూ నవ్వలేదు గానీ, అందరూ ఒక్కసారిగా తలలు దించుకుని అల్లుకోవడం మొదలుపెట్టారు. నవ్వినా అంత బాధపడేదాన్ని కాదు. ఆటోలో ఇంటికొచ్చేదాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత నెలరోజులు నా చేతినే అనుమానించాను. 5 మిల్లీమీటర్ల సూది కొన్నాను, లూపులు వదులుగా లాగాను. గింజ చుట్టూ కన్నాలు పడ్డాయే తప్ప అది లేవలేదు. క్లాసులో మిగిలిన రెండు వారాలూ వెళ్ళలేదు.

సంక్రాంతికి నరసాపురం వెళ్ళినప్పుడు ఆ ముక్క సంచిలో ఉంది. మా పిన్ని చిన్నప్పటి నుంచి లేసు అల్లుతోంది. కళ్ళజోడు పెట్టుకుని, గోటితో గింజని కదిపి చూసింది.

"ఇదేంటే, చుట్టు లేకుండా వేశావు?"

"డబుల్ వేశాను పిన్నీ."

"డబులూ గిబులూ నాకు తెలీదు. సూది గుచ్చేముందు దారం ఎన్నిసార్లు చుట్టావు?"

"చుట్టలేదు."

"మరి ఎత్తు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక చుట్టు చుట్టి గుచ్చు."

చుట్టి గుచ్చాను. దారం పైకి లాగితే సూది మీద మూడు లూపులు. రెండు వదిలి, మళ్ళీ రెండు వదిలాను. అలాంటివి ఐదు వేసి మూయగానే గింజ టక్కున ముందుకు వచ్చింది. పిన్ని చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

అసలు సంగతి ఇది. బ్రిటన్ లెక్కలో డబుల్ అంటే చుట్టు లేని పొట్టి కుట్టు. అమెరికా వాళ్ళు దాన్నే సింగిల్ అంటారు. వాళ్ళు డబుల్ అనేది బ్రిటన్ వాళ్ళకి ట్రెబుల్. స్కూల్లో మా కుట్టు టీచరుగారు నేర్పింది బ్రిటన్ లెక్క, క్లాసు కాగితం అమెరికా లెక్క. నా వేళ్ళలో ఏ లోపమూ లేదు. డబ్బు తీసుకుని నేర్పేవాళ్ళు "మీరు ఇదివరకు ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఒక్క మాట అడిగితే చాలు. అది అడగనివాళ్ళ దగ్గర చేరకండి. కాగితంలో సింగిల్ క్రోషె అన్న మాట కనిపిస్తే అది అమెరికా లెక్కే అనుకోండి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. నరసాపురం క్రోషె లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. సంతోషమే. కానీ మా పిన్ని ఇప్పటికీ ఏజెంటు ఇచ్చిన దారంతో ముక్కకి ఇంత అని అల్లుతోంది. ఆ ముక్క ఏ దేశం వెళ్తుందో, అక్కడ ఎంతకి అమ్ముతారో ఆమెకి ఎవరూ చెప్పరు. నన్ను అవమానించిన క్లాసుకి 2,500 కట్టాను. నాకు విద్య నేర్పిన చేతికి రోజంతా అల్లినా అందులో పదోవంతు కూడా రాదు. ఇది అన్యాయం.

అల్లేవాళ్ళకి పనికొచ్చేవి రెండు చెప్తాను. మూసేటప్పుడు సూదిని ముందు నుంచి వెనక్కి, జడలా కనిపించే రెండు పోగుల కింద గుచ్చితే గింజ మీ వైపు లేస్తుంది. వెనక నుంచి గుచ్చితే అటువైపు పోతుంది. ఈ కుట్టు ఊలు బాగా తింటుంది కాబట్టి ఒకే రంగు, ఒకే లాట్ నంబరు (ఒకేసారి రంగు అద్దినవని తెలిపే నంబరు) ఉన్న ఉండలు రెండు ఎక్కువే కొనిపెట్టుకోండి. నాకు చివర్లో తగ్గి కోఠి మళ్ళీ పరిగెత్తాల్సి వచ్చింది.

క్లాసు కాగితం పారేయలేదు. డబుల్ అని ఉన్న ప్రతిచోటా ఎర్ర పెన్నుతో "ఒక చుట్టు" అని రాసి ఊలు సంచిలో పెట్టుకున్నాను.