యాప్‌లో ‘క్యాన్సిల్డ్’ అని పడిన ఆరు షిఫ్టులు

2025 ఫిబ్రవరి మొదటి వారం, సోమవారం నైట్ షిఫ్టు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక కేర్ హోమ్, అంటే వృద్ధులను చూసుకునే చోటు. మాస్టర్స్ అయిపోయి పీఎస్‌డబ్ల్యూ, అంటే చదువయ్యాక పని చేసుకోనిచ్చే వీసా మీదున్న నేను ఒక ఏజెన్సీ తరఫున హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా వెళ్తుండేదాన్ని. రాత్రి రెండూ నలభైకి ఒక గదిలో బెల్ మోగింది. వెళ్లి చూస్తే ఆ పెద్దావిడ మంచం అంచుకు జారిపోయి ఉన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే కింద పడేవారు. ఆవిడను జరపాలంటే ఇద్దరుండాలి. రెండో అమ్మాయి పై అంతస్తులో ఇంకొకరి దగ్గర ఉంది. ఆగలేకపోయాను. మనిషిని జరపడానికి కింద వేసే జారుడు గుడ్డ, స్లైడ్ షీట్, పట్టుకుని ఒక్కదాన్నే ఆవిడను మంచం మధ్యకు లాగాను. ఆవిడకేమీ కాలేదు. నా నడుం మాత్రం పట్టేసింది. వంగినదాన్ని వంగినట్టే గోడ పట్టుకుని నిలబడిపోయాను.

తెల్లవారేలోపు ఒక పని మాత్రం చేశాను. నర్సును అడిగి యాక్సిడెంట్ బుక్‌లో టైముతో సహా రాయించి, ఆ పేజీ నంబరు నోట్ చేసుకున్నాను. తర్వాత అది చాలా అక్కరకొచ్చింది.

ఇంటికొచ్చాక బూట్లు విప్పడానికే పావుగంట పట్టింది. తొమ్మిదింటికి ఏజెన్సీకి ఫోన్ చేసి చెప్పాను, అదే మాట మెయిల్ కూడా పెట్టాను. కోఆర్డినేటర్ “సరే, రెస్ట్ తీసుకో” అని ఫోన్ పెట్టేసింది. మధ్యాహ్నం యాప్ తెరిస్తే, రాబోయే రెండు వారాలకు నాకు బుక్ అయి ఉన్న ఆరు షిఫ్టుల పక్కనా ఎర్రగా ‘క్యాన్సిల్డ్’ అని ఉంది. ‘సిక్’ అన్న మాట ఎక్కడా లేదు. ఆ తేడా ఎంత పెద్దదో నాకప్పుడు తెలియదు. ఏదో మనసుకు తట్టి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

మూడు వారాలు లేవలేకపోయాను. మొదటి ఏడు రోజులకు డాక్టర్ కాగితం అక్కర్లేదు, మనమే రాసి ఇచ్చుకోవచ్చు. ఏడు దాటితే ఫిట్ నోట్, అంటే పనికి వెళ్లగలమో లేదో రాసిచ్చే వైద్య కాగితం కావాలి. మా జీపీ క్లినిక్‌లో నన్ను చూసింది ఫిజియోథెరపిస్టు, నోట్ ఇచ్చింది కూడా ఆయనే. ఏజెన్సీ “ఇది డాక్టర్ సంతకం కాదు, చెల్లదు” అంది. 2022 జూలై 1 నుంచి నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోలు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు కూడా ఫిట్ నోట్ ఇవ్వొచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ పేజీ లింకు పంపాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అసలు అడ్డం అక్కడ కాదు. సిక్ పే, అంటే జబ్బు రోజులకిచ్చే డబ్బు సంగతి అడిగితే, “నువ్వు జీరో అవర్స్. మీకు సిక్ పే ఉండదు” అన్నారు. జీరో అవర్స్ అంటే ఇన్ని గంటలు పని ఇస్తామన్న హామీ లేని ఒప్పందం. నేనూ నమ్మేశాను. నా చుట్టూ ఉన్న మనవాళ్లందరిదీ అదే నమ్మకం. పైగా రెండు భయాలు. అడిగితే ఇక షిఫ్టులు ఇవ్వరని ఒకటి. ప్రభుత్వ డబ్బు తీసుకుంటే వీసాకు దెబ్బ అని రెండోది. ఈ రెండో భయంతో జ్వరంలోనే డ్యూటీలకు వెళ్లిన వాళ్లను చూశాను, తొంభై ఏళ్ల వాళ్లకు అన్నం తినిపించే డ్యూటీలకు. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ భయానికి ఆధారమే లేదు. స్టాట్యుటరీ సిక్ పే, అంటే ఎస్‌ఎస్‌పీ, మనకు జీతం ఇచ్చే యజమాని ఇవ్వాల్సిన డబ్బు. వీసా మీద ‘నో పబ్లిక్ ఫండ్స్’, అంటే ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదని ఉంటుందే, ఆ సాయాల జాబితాలో ఇది లేదు.

పడుకున్న చోటే ఫోన్‌లో రూల్స్ చదవడం మొదలుపెట్టాను. అప్పటి లెక్క ఇది: వరసగా నాలుగు రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఒంట్లో బాగోకపోవాలి. మనకు డ్యూటీ లేని రోజులూ ఈ నాలుగులోకి వస్తాయి. అంతకుముందు ఎనిమిది వారాల సంపాదన సగటున వారానికి 123 పౌండ్లకు తగ్గకూడదు. మొదటి మూడు రోజులకు డబ్బు రాదు. ఆ తర్వాత వారానికి 116.75 పౌండ్లు, ఎక్కువలో ఎక్కువ 28 వారాలు. జీరో అవర్స్ వాళ్లకు లేదనిగానీ, ఏజెన్సీ వాళ్లకు లేదనిగానీ ఎక్కడా లేదు.

మంచం మీద పేస్లిప్పులు పరుచుకుని కూర్చున్నాను. వారం వారం జీతం కాబట్టి ఎనిమిది స్లిప్పులు. అందులో రెండు వారాలు చాలా తక్కువ, ఒక్కో షిఫ్టే. ఆ రెండు వారాలూ ఏజెన్సీ నా షిఫ్టులు చివరి నిమిషంలో రద్దు చేసినవే. షిఫ్టు రద్దయితే ఆ రోజు కూలి ఒక్కటే పోతుందనుకుంటాం. సగటు కూడా పడిపోతుంది, రేపు జబ్బు చేస్తే అదే మన మెడకు చుట్టుకుంటుంది. నాకు మొత్తం 2,184 పౌండ్లు వచ్చింది. ఎనిమిదితో భాగిస్తే 273. మిగతా వారాలన్నీ అలాగే రద్దయి ఉంటే 123 దాటేదాన్నో కాదో.

ఇంకొకటి వెతికాను, కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్. 2020 ఏప్రిల్ నుంచి ఏజెన్సీలు పనిలో పెట్టుకునే ముందు ఇచ్చి తీరాల్సిన కాగితం. నాకు జీతం ఇచ్చేది ఎవరో అందులో ఉంటుంది. కొందరికి మధ్యలో అంబ్రెల్లా కంపెనీ, అంటే ఏజెన్సీకి బదులు జీతం ఇచ్చే వేరే కంపెనీ ఉంటుంది, అప్పుడు ఎస్‌ఎస్‌పీ అడగాల్సింది ఆ కంపెనీని. నా కాగితంలో ఏజెన్సీ పేరే ఉంది. ఇక నన్ను ఇంకెవరి దగ్గరికో పంపడానికి దారి లేదు.

మెయిల్ రాశాను. కోపంగా రాసిన మొదటిది చెరిపేసి, మళ్లీ రాశాను. జబ్బు మొదలైన తేదీ, ఫోన్ చేసిన టైము, యాక్సిడెంట్ బుక్ పేజీ, ఫిట్ నోట్, ఎనిమిది వారాల సగటు. చివర ఒకటే వాక్యం: నాకు అర్హత లేదని మీరనుకుంటే, కారణం రాసి ఎస్‌ఎస్‌పీ1 ఫారం ఇవ్వండి. ఆ ఫారం మామూలుగా యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ సాయం అడగడానికి పనికొస్తుంది, మన వీసాల వాళ్లకు అది కుదరదు. అయినా అడగాలి. ఫోన్‌లో “ఉండదు” అనడం తేలికే. అదే మాట కాగితం మీద పెట్టమంటే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఆరో రోజు జవాబు వచ్చింది. ఫారం రాలేదు. “ఆ తేదీల్లో నీకు షిఫ్టులే లేవు, అన్నీ క్యాన్సిల్ అయ్యాయి. పని లేనప్పుడు సిక్ ఎలా అవుతావు?” అని ఉంది. అది చదివి ఏడ్చేశాను. నొప్పికన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. నేను ఫోన్ చేసి బాగోలేదని చెప్పినందుకే క్యాన్సిల్ చేసి, ఆ క్యాన్సిల్‌నే నాకు చూపిస్తున్నారు.

అప్పుడు స్క్రీన్‌షాట్ గుర్తొచ్చింది. క్యాన్సిల్ చేసిన టైము దాని మీద ఉంది: మధ్యాహ్నం పన్నెండూ యాభై. నా మెయిల్ తొమ్మిదీ పదికి వెళ్లింది. అంటే నేను సిక్ అని చెప్పేనాటికి ఆ ఆరు షిఫ్టులూ నావే.

పని హక్కుల మీద సలహా ఇచ్చే సంస్థ ఎకాస్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. డబ్బు తీసుకోరు, పేరు చెప్పమని ఒత్తిడి చేయరు. ఎస్‌ఎస్‌పీకి అర్హత ఉందా లేదా అన్న తగాదా తేల్చేది హెచ్‌ఎంఆర్‌సీ, అంటే అక్కడి పన్నుల శాఖ అని, అక్కడ ఇందుకోసమే ఒక టీమ్ ఉందని చెప్పింది అక్కడి ఆవిడ. నేను అప్పటిదాకా ట్రైబ్యునల్‌కు, అంటే ఉద్యోగాల కోర్టుకు వెళ్లాలేమో అనుకుని టెన్షన్ పడుతున్నాను. హెచ్‌ఎంఆర్‌సీకి ఫోన్ కలవడానికి చాలాసేపు పట్టింది. నడుము కింద దిండు పెట్టుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి పడుకున్నాను. కలిశాక మాట్లాడినాయన ఓపికగా విన్నాడు. పేస్లిప్పులు, మెయిళ్లు, స్క్రీన్‌షాట్ కాపీలు పంపమన్నాడు. వాళ్లు ఏజెన్సీని వివరణ అడిగారు.

మార్చి ఆఖరి శుక్రవారం పేస్లిప్‌లో ఒక కొత్త లైను కనిపించింది. ఎస్‌ఎస్‌పీ, 300 పౌండ్ల పైచిలుకు. 21 రోజుల్లో మొదటి మూడు పోగా 18 రోజులకు. మెయిల్ ఏమీ రాలేదు, క్షమాపణా లేదు. యాప్‌లో మాత్రం ఆ ఆరు షిఫ్టుల పక్కన ‘క్యాన్సిల్డ్’ పోయి ‘సిక్’ అని మారింది. అది చూసి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మూడు వందలతో ఒక నెల అద్దె కూడా పూర్తిగా తీరదు, కానీ నేను అబద్ధం చెప్పలేదని ఆ ఒక్క మాటలో ఉంది.

షిఫ్టులు తగ్గించారా అని చాలామంది అడిగారు. ఒక నెల తగ్గాయి. ఈలోగా ఒక హాస్పిటల్ బ్యాంక్‌లో, అంటే అవసరమైనప్పుడు పిలిచే వాళ్ల సొంత సిబ్బంది జాబితాలో చేరాను, ఇప్పుడు ఎక్కువగా అక్కడే చేస్తున్నాను.

గెలవలేనిది కూడా చెప్పాలి. ఆ జనవరిలో ఒక సాయంత్రం, ఎనిమిదింటి షిఫ్టుకు ఆరూ పదికి బస్సులో ఉండగా రద్దు మెసేజ్ వచ్చింది. దానికి ఒక్క పెన్నీ రాలేదు. నా ఒప్పందంలో రద్దు గురించి ఏమీ లేదు, అలాంటప్పుడు పట్టుకోవడానికి చట్టంలోనూ ఏమీ దొరకలేదు. 2025 డిసెంబరులో వచ్చిన ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్‌లో చివరి నిమిషంలో రద్దు చేసే షిఫ్టులకు పరిహారం ఇవ్వాలని ఉంది, ఏజెన్సీ వాళ్లకు కూడా. అయితే దాన్ని అమల్లోకి తేవడానికి వేరే నిబంధనలు రావాలి. కాబట్టి ఎక్కడైనా చేరేముందు, ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే ఎంత ఇస్తారో రాసివ్వమని అడగండి. అడిగితే ఇచ్చిన ఏజెన్సీలు ఉన్నాయి.

ఎస్‌ఎస్‌పీ మాత్రం 2026 ఏప్రిల్ 6 నుంచి మారింది. మూడు రోజుల ఎదురుచూపు లేదు, మొదటి రోజు నుంచే వస్తుంది. 123 లాంటి కనీస సంపాదన హద్దు కూడా తీసేశారు. వారానికి 123.25 పౌండ్లు, లేదా మన సగటులో 80 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అది.

మొన్న తెల్లవారుజామున ఐదింటికి మా ఇంట్లో ఉండే అమ్మాయి తలుపు తట్టింది. ఒళ్లు కాలిపోతోంది. “అక్కా, ఏడింటికి షిఫ్టు ఉంది, వెళ్లకపోతే ఏమైనా అంటారేమో” అంది. స్టూడెంట్ వీసా, వారానికి ఒక షిఫ్టు చేస్తుంది, సగటు 110 పౌండ్లు. పాత లెక్కలో ఆమెకు సున్నా. ఇప్పుడు పూర్తి వారానికి 88 వస్తాయి. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందు యాప్‌లో రాబోయే షిఫ్టులన్నీ స్క్రీన్‌షాట్ తీయించాను. తర్వాత ఇద్దరం కలిసి మెయిల్ రాశాం. ఐదూ ఇరవై రెండుకి పంపింది.