లండన్‌లో ఎ.ఆర్. కేన్ జాడలు

సెంట్రల్ లైన్‌లో వచ్చి స్ట్రాట్‌ఫర్డ్‌లో దిగగానే ఎదురయ్యేది పెద్ద షాపింగ్ మాల్, దాని వెనక 2012 ఒలింపిక్స్ పార్కు. ఎ.ఆర్. కేన్ అనే సంగీత జోడీ, అంటే అలెక్స్ అయూలీ, రూడీ తంబాలా, ఈ తూర్పు లండన్ కుర్రాళ్లే. ఒకరి మూలాలు నైజీరియాలో, ఇంకొకరివి మలావీలో. తమ సంగీతానికి ‘డ్రీమ్ పాప్’ అని పేరు పెట్టింది అయూలీయే. ఆ పేరు నిలిచిపోయింది, ఖ్యాతి మాత్రం వెనక వచ్చిన గిటార్ బ్యాండ్లు పట్టుకుపోయాయి. మేం తిరిగినంత మేర వీళ్ల గుర్తుగా ఒక్క ఫలకం కూడా కనబడలేదు.

ఇక్కడ వీళ్ల పాట ‘బేబీ మిల్క్ స్నాచర్’ వినాలి. స్కూళ్లలో పాలు ఆపించినందుకు థాచర్‌కు పడ్డ ఎగతాళి పేరును గుర్తుచేసే టైటిల్ అది. జమైకా డబ్ రెగ్గే తరహా బేస్ అడుగున నిదానంగా సాగుతుంటే, పైన గిటార్ ఎకో ఒకదాని మీదొకటి పేరుకుంటుంది. మామూలు ఇయర్‌ఫోన్లతో ట్రైన్‌లో వింటే రొదలో ముందు మునిగిపోయేది ఆ బేసే. అది లేకపోతే పాటలో మిగిలేది గాలే! చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, లేదా దిగాక వినండి.

లివర్‌పూల్ స్ట్రీట్‌లో దిగి బ్రిక్ లేన్ వైపు నడిస్తే రఫ్ ట్రేడ్ ఈస్ట్ దుకాణం వస్తుంది. ఎ.ఆర్. కేన్ ఆల్బమ్‌లు ‘69’ (1988), ‘ఐ’ (1989) విడుదల చేసిన రఫ్ ట్రేడ్ లేబుల్, ఈ దుకాణం ఇప్పుడు ఒకే సంస్థ కావు. 1982లోనే విడిపోయాయి. పాత ప్రెస్సింగుల (అప్పట్లో అచ్చయిన రికార్డుల) కోసమైతే సెకండ్‌హ్యాండ్ షాపులే గతి.

అక్కడ చూడాల్సింది రికార్డు మీది కేటలాగ్ నంబరు. వీళ్ల రికార్డులు తెచ్చిన ఇంకో లేబుల్ ఫోర్ ఏడీ. ఆ రోజుల్లో దాని 12 అంగుళాల రికార్డుల నంబర్లు ‘బీఏడీ’తో మొదలయ్యేవి, తర్వాతి అంకె సంవత్సరంలో చివరిది. కాక్టో ట్విన్స్ బ్యాండ్ గిటారిస్ట్ రాబిన్ గత్రీ ప్రొడ్యూస్ చేసిన ఎ.ఆర్. కేన్ రికార్డు ‘లొలీటా’ బీఏడీ 704, అంటే 1987. కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి. ‘69’ తొలిసారి వింటే దారీ తెన్నూ తెలియదు.

బీఏడీ 707 మార్స్ వాళ్ల ‘పంప్ అప్ ద వాల్యూమ్’. మార్స్ అంటే ఎ.ఆర్. కేన్, అదే లేబుల్ బృందం కలర్‌బాక్స్ కలిసి పెట్టుకున్న పేరు. ఈ రికార్డు అదే ఏడాది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. మొదటి వైపు దాదాపుగా కలర్‌బాక్స్ పనే. ఎ.ఆర్. కేన్ గిటార్ వినాలంటే రెండో వైపున్న ‘అనిటీనా’ చూడాలి. రీమిక్స్ ప్రెస్సింగులు చాలా తిరుగుతుంటాయి, అందుకే కొనే ముందు లేబుల్ మీది నంబరు చదవండి.

ఫోర్ ఏడీ లేబుల్ అడ్డా వాండ్స్‌వర్త్‌లోని ఆల్మా రోడ్. క్లాపమ్ జంక్షన్ నుంచి ఒక్క స్టేషనే, కానీ రీడింగ్ వెళ్లే ఫాస్ట్ బండ్లు వాండ్స్‌వర్త్ టౌన్‌లో ఆగవు. బోర్డు చదవకుండా ఎక్కితే అవతల తేలతారు. లోపలికి వెళ్లేందుకేమీ లేదు, వీధి చూసి తిరిగి రావడమే. టికెట్ గేటు దగ్గర లోపలికి, బయటికి ఒకే కార్డు తాకించాలి. వెళ్లేటప్పుడు ఫోను, వచ్చేటప్పుడు కార్డు వాడితే రెండు అసంపూర్ణ ప్రయాణాలుగా లెక్కగట్టి ఎక్కువ కోస్తారు.

కొన్న ఎల్పీలు చేతి సంచీలోనే తెచ్చుకోండి. డిస్కును లోపలి కవరుతో సహా అట్ట బయటికి తీసి, రెంటినీ ఒకే ప్లాస్టిక్ కవరులో పెడితే కుదుపులకు అట్ట అంచు చీలదు. హైదరాబాద్‌లో దిగాక, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలొద్దు. వినైల్ వంకరపోతుంది.